గొలుసు లేని ఏనుగు

ఏనుగును చూచుటకు ఆఫ్రికాకు పోవలయునా యని మా డోర్నకల్లులో మమ్మడుగనివారు లేరు. పాలు పోయు నామె అడిగినది. ప్రక్కయింటివారు గోడమీదుగా అడిగిరి. మొన్న ఒక పెండ్లిలో పంక్తియందు కూర్చుండి విస్తరి ముందర పెట్టుకొని యున్నప్పుడును ఒక పెద్దామె ఇదే అడిగినది. అందరకు వేరువేరుగా బదులు చెప్పుటకంటె ఒక్కమారు వ్రాసి పత్రికకు పంపుట మేలని తోచినది. మేమింకను బయలుదేరలేదు. కావున నిది యాత్రాచరిత్రము కాదు. యాత్రకు ముందు మా యింటిలో జరిగిన దానినే వ్రాయుచున్నాము.

మా యూరెరుగనివారికి ఒక మాట చెప్పవలెను. డోర్నకల్లు, కాజీపేట నుండి బెజవాడకు పోవు రైలుమార్గమునందలి జంక్షను. భద్రాచలము రోడ్డునకు పోవు శాఖ ఇచ్చటనే చీలును. నిజాము రైలు 1889లో బెజవాడ చేరిన నాటినుండి మా యూరి బ్రదుకు పట్టాలతో ముడిపడియున్నది. పూర్వము వరంగల్లు జిల్లాలోనిది; 2016 నుండి మహబూబాబాదు జిల్లాలో చేరినది. 1939లో ప్రతిష్ఠింపబడిన క్రైస్తవుల పెద్ద ప్రార్థనాలయ మిచ్చట కలదు. దాని స్తంభములు దేవాలయమును, గుమ్మటములు మసీదును తలపించును. దానిని చూచుటకు ఎంతెంత దూరమునుండియో జనులు వత్తురు. మేము దూరము పోయి ఒకదానిని చూతుమన్నచో మాత్రము ఊరివారికి వింతగానున్నది.

మా మామగారు రైల్వేలో పని చేసిరి. మా వారును రైల్వేలోనే యున్నారు. మా చిన్నవాడు నైరోబీ నగరమున ఒక మందుల వర్తకసంస్థలో నౌకరి చేయుచున్నాడు. పోయిన సంక్రాంతినాడు వాడు ఫోనులో మాటలాడుచు, "నాన్నమ్మను గూడ తీసుకొని ముగ్గురూ రండి, సఫారీకి పోదాము" అనెను. మా అత్తగారు పక్కనుండి విని, "సఫారీ అంటే ఏందిరా?" అని అడిగిరి. అది స్వాహిలీ భాషలో ప్రయాణమను మాటయనియు, అరబ్బీలోని సఫర్ అను మాటనుండి పుట్టినదనియు వాడు చెప్పెను. "సఫరా? గట్ల చెప్పరాదు! మా నాయిన దినామూ అనే మాటనే గద" అని ఆమె నవ్విరి. నిజాము రైల్వేలో చేరిన వారందరికి ఉర్దూ మాటలు వచ్చియుండెను. ఆ మాటతో ఆఫ్రికా మా అత్తగారికి సగము దగ్గరయైనదని మాకు తోచినది.

మొదట మా వారు పట్టిన పట్టు కెన్యా దేశములోని త్సావో అడవికి పోవలెనని. దానికి కారణము మృగములు కావు, రైలే. మొంబాసా రేవునుండి విక్టోరియా సరస్సు వరకు 1896లో ఆంగ్లేయులు రైలుమార్గము వేయనారంభించి 1901లో ముగించిరి. అందులకై మన దేశమునుండి దాదాపు 32,000 మంది కూలీలను ఓడలమీద తీసికొనిపోయిరి. వారిలో సుమారు 2,500 మంది అచ్చటనే మరణించిరి. 1898లో త్సావో నదిపై వంతెన కట్టుచుండగా జూలు లేని రెండు మగసింహములు రాత్రివేళ డేరాలలో దూరి కూలీలను ఈడ్చుకొనిపోవుచుండెను. పని ఆగిపోయెను. ప్యాటర్సను అను ఇంజనీరు తొమ్మిది నెలలు పొంచియుండి ఆ డిసెంబరులో రెంటిని చంపెను. అవి 28 మంది భారతీయ కూలీలను, లెక్కకు రాని ఆఫ్రికావారిని పొట్టనబెట్టుకొన్నవని ఆయన వ్రాసెను. ఆ సింహముల తోళ్లు ఇప్పుడు అమెరికాలో చికాగో ప్రదర్శనశాలయందున్నవి. మా వారు ఈ కథను మా పెండ్లినాటినుండి చెప్పుచున్నారు. పట్టాలు వేసినవాని పేరు ఎవ్వరును వ్రాయలేదు, తిన్న సింహమునకు మాత్రము అద్దాల పెట్టె కట్టిరని చివర ఒక నిట్టూర్పు విడుచుట వారి యలవాటు. ఆ వంతెనను కన్నులార చూడవలెనని వారి కోరిక.

మా అత్తగారి కోరిక వేరు. ఆమెకు డెబ్బదినాలుగేండ్లు. ఎనిమిదేండ్ల పిల్లగా నున్నపుడు ఒక సర్కసువారి సామాను బండ్లు మా స్టేషనులో ఇంజను మార్చుటకై ఒక పూట నిలిచెనట. ఒక తెరపి వ్యాగనులో ఏనుగు ఉండెను. ఆమె తండ్రి పాయింట్స్‌మన్. బిడ్డను భుజముపై నెక్కించుకొని చూపించెను. ఇంటినుండి తెచ్చిన బెల్లపు గడ్డను పిల్ల చేతికిచ్చి పెట్టుమనెను. ఆ మాట ఇప్పటికిని ఆమె చెప్పు తీరు ఇది: "బెల్లం తీసుకున్నది బిడ్డా. తొండం కొస మెత్తగ, తడితడిగ ఉండె. గని కాలికి గొలుసు, గొలుసు కింద పుండు. బెల్లం తిన్నది గని నా దిక్కు చూడలే. గొలుసు లేని ఏనుగు ఎట్ల చూస్తదో ఒక్కపారి చూడాలె." రామప్పగుడి అడుగువరుసలో చెక్కిన ఏనుగుల బారు చూచినపుడెల్ల, ఒక్కదానికైన గొలుసున్నదా యని ఆమె వంగి వెదకుట మేమెరుగుదుము.

పాసుపోర్టు సంపాదించుటయే ఒక కాండ. ఆమె పుట్టినదినము ఎవ్వరును వ్రాసి పెట్టలేదు. ఏరువాక పున్నమి దాటిన నాలుగవనాడని మాత్రము తెలియును. ఆధారు కార్డులో జనవరి 1 అని వేసిరి. మన తరము పెద్దలలో సగము మంది జనవరి మొదటి తేదీననే పుట్టిరని ఆ కార్డులు చూచినవారు నమ్మవలసినదే! ఎటులో అది వచ్చినది. అంతట, నడచుటకు పనికివచ్చునని ఆమెకు కాన్వాసు బూట్లు కొంటిమి. జన్మములో మొదటి బూట్లు. చీరక్రింద అవి తొడిగి నడవలో ఇటునటు తిరిగి, తన్ను తాను చూచుకొని సిగ్గుపడిరి.

పిదప టీకా సంగతి వచ్చినది. ఆఫ్రికా నడిమి దేశములలో పచ్చజ్వరమను వ్యాధి కలదు. కెన్యా ఆ జాబితాలోనిది. మన దేశమునుండి పోవువారిని కెన్యావారు ఈ టీకా అడుగరు గాని, తిరిగి వచ్చునపుడు మన ప్రభుత్వమే అడుగును. ఆ జ్వరము మన దేశమున లేదు. దానిని మోయు దోమ మాత్రము కలదు. డెంగ్యూ తెచ్చు దోమయే అది. ఒక్క రోగి వచ్చినచో ఏమగునో యని ఈ కట్టుబాటు. టీకా వేయించుకొన్న పదియవ దినమునుండి ధ్రువపత్రము చెల్లును; 2016 నుండి అది జీవితాంతము పనికివచ్చుచున్నది. పత్రము లేక వచ్చినవారిని ఆరు దినముల వరకు విడిగా నుంచవచ్చును.

హైదరాబాదులో నారాయణగూడయందు ఈ టీకా వేయుదురు. మువ్వురము తెల్లవారుజామున రైలెక్కి పోయితిమి. గ్రుడ్డు పడనివారున్నారా యని మొదట అడిగిరి. తరువాత వయస్సు అడిగిరి. అత్తగారి వయస్సు విని వైద్యురాలు కలము క్రింద పెట్టెను. ఈ టీకాలో నున్నది బలహీనపరచిన సజీవక్రిమి యనియు, అరువదేండ్లు దాటినవారికి మొదటిసారి వేయునపుడు కాలేయము మొదలగు అవయవములకు గాని నరములకు గాని తీవ్రమైన హాని కలుగుట మిక్కిలి అరుదే యైనను చిన్నవారికంటె హెచ్చనియు ఆమె నెమ్మదిగా చెప్పెను. "తప్పనిసరి పనిమీద పోవువారికి లాభనష్టములు తూచి వేయుదుము. వినోదమునకై ఈ వయస్సున వేయుమని నేను చెప్పజాలను. మీరు ఇంటికి పోయి ఆలోచించుకొనుడు." ఆమె మాటలో కాఠిన్యము లేదు. అందుకే మాకు తిరిగి పలుకుటకు నోరు రాలేదు.

తిరుగు రైలులో అత్తగారు కిటికీవైపు తిరిగి కూర్చుండిరి. మహబూబాబాదు దాటిన తరువాత, "మీరిద్దరు పోయి రాండ్రి. నేను పిల్లిని, మొక్కలను చూసుకుంట ఉంట" అనిరి. మా వారు బదులు చెప్పలేదు.

ఇచ్చట ఒక మాట దాచక వ్రాయవలెను. ఆ రాత్రి మాకు కొంత తేలికగా తోచినది. పెద్దామెను వెంట తీసికొని సముద్రములు దాటుట, ఆమెకు వేళకు మాత్రలు, మెత్తని అన్నము, రాత్రి లేచినపుడు తోడు. ఇవన్నియు ఇక లేవు గదా యను తలంపు వచ్చినది. ముప్పదియేండ్లుగా ఒకే పొయ్యి వద్ద మెలగిన వారికిని ఇట్టి తలంపులు వచ్చును. మాకు వచ్చినది.

మూడవనాడు అత్తగారు ఆ బూట్లను తుడిచి, కాగితములు కూరి, డబ్బాలో పెట్టి తెచ్చి మా ముందుంచిరి. "దుకాణంల వాపసిచ్చి రా పిల్లా. ఇంక మట్టి అంటలే. పైసలిస్తరు" అనిరి. బూటు అడుగున మట్టి లేకుండ పాత పళ్లకుంచెతో తోమినట్లు తెలియుచుండెను. ఆ డబ్బాను మేము తీసికొని దుకాణమునకు పోలేదు. బీరువా పైన పెట్టితిమి. ఆ సాయంకాలమే చిన్నవానికి ఫోను చేసి, టీకా అక్కరలేని చోట ఏనుగులున్నవా కనుగొనుమని చెప్పితిమి.

వాడు ఆఫ్రికా పటము పంపెను. వంటయింటిలో కూరలు తరుగుచు ఆ పటమును మేమెన్ని దినములు చూచితిమో! పచ్చజ్వరము గల దేశములు ఖండము నడుమ ఒక దట్టీవలె చుట్టియున్నవి. దక్షిణాఫ్రికా, నమీబియా, బోత్స్వానా ఆ దట్టీకి వెలుపల నున్నవి. దక్షిణాఫ్రికాలోని క్రూగరు జాతీయవనము 1926లో ఏర్పడినది. దాదాపు 19,500 చదరపు కిలోమీటర్లు. కాని అచ్చట మలేరియా భయము గలదు, దూరములును పెద్దవి. వెదకగా వెదకగా ఆ దేశపు దక్షిణతీరముననున్న అడ్డో అను చోటు కనబడినది. అడ్డో ఏనుగుల జాతీయవనము అని దాని పూర్తి పేరు. పచ్చజ్వరము లేదు, మలేరియా లేదు. రేవుపట్టణమునకు రమారమి 70 కిలోమీటర్లు. పోర్టు ఎలిజబెత్తు అని చదువుకొన్న ఆ పట్టణమునకు 2021లో గెబెహా యని పేరు మార్చిరి.

అడ్డో కథ చదివిన తరువాత మాకు ఇంకొక చోటు తలంపునకు రాలేదు. నూరేండ్ల క్రిందట ఆ ప్రాంతమున రైతులు తోటలు వేసిరి. ఏనుగులు తోటలలో పడి త్రొక్కెను, నీటి గుంటలు పాడుచేసెను. 1919లో ప్రభుత్వమువారు ప్రెటోరియసు అను వేటకానిని నియమించిరి. ఏడాదికి కొంచెము పైబడిన కాలములో నూరింటికి పైగా ఏనుగులను అతడు కాల్చెను. 1931లో వనమును ఏర్పరచునాటికి మిగిలినవి పదునొకండు. పదునొకండు! మా యింటి బలగమునకు తక్కువ. ఆ మిగిలినవి మనుష్యుని వాసన సోకిన మీదికి వచ్చుచు, పగలంతయు పొదలలో దాగి రాత్రులందే తిరుగుచుండెను. ఆ గుణము వాటిని ఎన్నో యేండ్లు విడువలేదని వ్రాసిరి. ఈ సంగతి మేము చదివి వినిపించగా అత్తగారు, "కోపం ఉండదా మరి? ఇంటిల్లిపాదిని చంపిరి" అనిరి.

వాటిని వెలుపలికి పోనీయక ఆపుటకు మొదట నారింజపండ్లు కుప్పలు పోసిరట. ఏనుగులు వాటికి ఎంత మరిగెననగా పండు వాసన వచ్చిన బండ్లను వదలకుండెను. తరువాత ఆ పద్ధతి మానిరి. కాని నేటికిని నారింజ, బత్తాయి, నిమ్మ జాతి పండు దేనినైనను వనములోనికి తీసికొనిపోరాదు. కావున నిమ్మకాయ పులిహోర మానివేసి చింతపండు పులిహోరయే యని మేము అప్పుడే తీర్మానించుకొంటిమి. ఇంకొక విశేషము: అచ్చటి దారులలో పేడపురుగులు నడచును. ఎగురలేని జాతి యది. ఏనుగు పేడను ఉండచేసి దొర్లించుకొనిపోవు ఆ పురుగుకు కారువారే ఆగి దారి ఇయ్యవలెను. పేడమీదుగా చక్రము పోనీయరాదని పలకలు పెట్టియున్నారు. మన వాకిట పేడనీళ్లు చల్లిన చేతులకు ఈ మర్యాద నచ్చకుండునా?

ఇపుడు అచ్చట ఆరువందలకు పైగా ఏనుగులున్నవి. దాదాపు అన్నియు ఆ పదునొకంటి సంతతియే. ఆడ ఏనుగులలో నూటికి తొంబదికి పైగా దంతములు లేనివి. మిగిలిన ఆ కొద్దిపాటి ఆడవానిలో సగము దంతములు లేనివై యుండెను గనుక ఆ లక్షణము సంతతికి వచ్చినదందురు. ఆఫ్రికా ఏనుగులలో ఇది వింత. మన దేశపు ఆడ ఏనుగులకు పొడుగు దంతములు ఎట్లును ఉండవు. "అయితే మన తీరే" అని అత్తగారు సంతోషించిరి. మందను నడుపునది మగ ఏనుగు కాదనియు, అందరికంటె పెద్దదియైన ఆడ ఏనుగనియు చదివినపుడు మాత్రము ఆమె ఏమియు అనలేదు; ఇంకొకమారు చదువుమనిరి. కెన్యాలోని అంబొసేలీ వనమున 1972 నుండి ఏనుగుల కుటుంబములను పేరుపేరున గుర్తించి గమనించుచున్నారు. కరవు వచ్చిన యేడు ఏ గుంటలో నీరుండునో పెద్దదానికి జ్ఞాపకముండుననియు, సింహపు గర్జన వినబడినపుడు ఎంత భయపడవలెనో చిన్నవానికంటె ముసలిదానికి బాగుగా తెలియుననియు పరిశోధకులు చెప్పుదురు.

మిగిలినది మా వారి త్సావో. ఈ మార్పు చెప్పగా వారు, "సరే, మంచిదే" అనిరి. మంచిదే యను మాట వారు రెండుమారులు అన్నచో అది మంచిది కాదని మాకు తెలియును. ఆ రాత్రి పొద్దుపోయినదాక ఫోనులో త్సావో వంతెన బొమ్మనే చూచుచుండిరి. తల్లి మాట కొడుకు ఎప్పటికిని కాదనడు. కాని కాదనకపోవుటలో గూడ ఒక బరువు కలదు, దానిని ఎవరో ఒకరు ఎత్తవలెను గదా. మేము రెండు దినములు చదివి రెండు సంగతులు వారి ముందుంచితిమి. మొదటిది: 1954లో ఆర్మ్‌స్ట్రాంగు అను అధికారి అడ్డో ఏనుగులకు కంచె కట్టెను. ఏ కంచెయు ఏనుగును ఆపలేదు గనుక అతడు ట్రాము పట్టాలను నిలువున పాతి, లిఫ్టులకు కట్టు ఉక్కుతాళ్లను వాటికి బిగించెను. మంద ఆ పట్టాల నడుమ పెరుగుచు వచ్చెను. అప్పుడు వాటి లెక్క 22. పట్టాలు కాపాడిన ఏనుగులు! ఇది విని మా వారు అద్దములు సవరించుకొనిరి.

రెండవది: దర్బను నుండి 80 కిలోమీటర్ల దూరముననున్న పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషను. 1893 జూను 7వ తేదీ రాత్రి గాంధీగారిని మొదటి తరగతి పెట్టెనుండి దింపివేసిన చోటు. ఆ దేశమునకు మనవారు గాంధీగారికంటె ముప్పదిమూడేండ్లు ముందే పోయిరి. 1860 నవంబరు 16న ట్రూరో యను ఓడ మదరాసునుండి మొదటి కూలీలను దర్బనులో దింపెను. 1911 వరకు పోయినవారు లక్షయేబదివేలకు పైగా. అందులో విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల తెలుగువారు వేలకొలదిగ నుండిరి. చెరకుతోటలలో కొందరు, నేటాలు ప్రభుత్వ రైల్వేలో కొందరు పని చేసిరి. వారి బిడ్డలు 1931లో ఆంధ్రమహాసభను పెట్టుకొనిరి. అడ్డో వనము పుట్టిన యేడే అది. "మనవాండ్లు ఏసిన పట్టాలు అక్కడ గూడ ఉన్నయన్నమాట" అని మా వారు మొదటిమారు మనసార పలికిరి. త్సావో పోయిన లోటు పూర్తిగా తీరెనని మేమనము. కాని ఆ మరునాడు వారే సెలవుచీటి వ్రాసికొనిరి.

ఇక ఏర్పాట్లు. మన దేశమునుండి దక్షిణాఫ్రికాకు పోవుటకు చవుకగా దొరకు టిక్కెట్లు కొన్ని నైరోబీ మీదుగా, అడిస్ అబాబా మీదుగా పోవును. అవి పచ్చజ్వరపు దేశములు గనుక ఆ దారి పట్టిన టీకా చిక్కు మరల రావచ్చును. ఇది తెలియక పదివేలు మిగిలెనని మురిసి ఒకమారు ఆ టిక్కెట్లనే కొనబోతిమి. చిన్నవాడు చూచి ఆపినాడు. హైదరాబాదునుండి దుబాయి, అచ్చటినుండి దర్బను. ఇది మా మార్గము. వాడు నైరోబీనుండి వచ్చి దర్బనులో కలియును. వానికి టీకా ఎప్పుడో అయినది.

మొత్తము ఆరు లక్షలకు తక్కువ కాదని తేలెను. ఆ సొమ్ము మీది అంతస్తునకని దాచినది. అద్దె వచ్చెడిది గదా యని బంధువులు నొచ్చుకొనిరి. మేడ మరియొక యేడు ఆగును. డెబ్బదినాలుగేండ్ల మోకాళ్లు ఆగునా?

వీసాకు వ్రేలిముద్రలు కావలెను. అత్తగారి ముద్రలు యంత్రమునకు అందలేదు. అరువదేండ్లుగా గిన్నెలు తోమి, మిరపకాయలు తొడిమలు తీసి, పిండి రుబ్బిన వ్రేళ్లు నున్నబడిపోయినవి. ఆ పిల్లవాడు మరల మరల అద్దముమీద ఒత్తించెను. ఐదవమారు చేతికి కొంచెము నూనె రాచి తుడిచి పెట్టగా పడెను. ఆమె మాత్రము తప్పు చేసినదానివలె తల వంచుకొని నిలుచుండిరి. అది చూచుట మాకు కష్టమాయెను.

సెప్టెంబరు నెల నిర్ణయించితిమి. మనకు వానలు వెనుకపట్టు పట్టువేళ అచ్చట వసంతారంభము. మరీ చలి యుండదు. ఎండ కాచిన దినమున ఏనుగులు గుంపులుగా నీటికి వచ్చును. బతుకమ్మకు ముందే ఇల్లు చేరవలెనని అత్తగారి షరతు. ప్రాతఃకాలపు గాలికి స్వెట్టరులు, మెడకు శాలువ. ఎత్తైన తెరపి జీపు ఎక్కుట ఆమె వలన కాదు. చిన్నవాడు అద్దెకారు నడుపును. ఆ దేశమున మనవలెనే ఎడమప్రక్క నడుపుదురు, వనములో తారు రోడ్లును కలవు. కారు దిగుటకు అనుమతించిన చోట్లు కొన్నియే యుండును గనుక, స్త్రీలకు ముఖ్యమైన ఆ సౌకర్యమునకై రెండేసి గంటలకొకమారు బసకు తిరిగి వచ్చునట్లు దినచర్య కట్టితిమి. ఈ సంగతి ఏ యాత్రాగ్రంథమును వ్రాయదు. ఆడవారందరు దీనిని బట్టియే ప్రయాణము కట్టుకొందురు. బస ప్రక్కనే నీటిగుంట కలదు. రాత్రి దీపము వెలిగింతురు. నేల లోపలనుండి పొంచి చూచుటకు ఒక చిన్న గది గలదు. నడవలేని దినమున అత్తగారు కుర్చీ వేసికొని అచ్చటనే కూర్చుండవచ్చును. రక్తపోటు మాత్రలు రెండు సంచులలో విడివిడిగా, వైద్యుని చీటితో సహా. విమానములో గంటగంటన్నరకు లేచి నాలుగడుగులు వేయవలెనని వైద్యుడు గట్టిగ చెప్పినాడు.

2024 ఏప్రిలులో మహారాష్ట్రమునుండి నది దాటి ఆసిఫాబాదు జిల్లాలోనికి వచ్చిన ఒక ఏనుగు ఇద్దరు రైతులను చంపినది. ఆ వార్త మాకు వినిపించి భయపెట్టని చుట్టము లేడు. మేమును భయపడకపోలేదు. ఆ రైతులు తమ చేలలో ఉండిరి. మేము అద్దములు మూసిన కారులో నుందుము. అడవిమృగమును చూచుట డబ్బు పెట్టిన మాకు ముచ్చట, అది చేనిలోనికి వచ్చిన వానికి చావు. అడ్డోలో తుపాకి పిలిపించిన రైతు బాధయు అట్టిదే గదా యని ఆ కథ చదివినపుడు మాకు తోచినది. దీనికి మా యొద్ద సమాధానము లేదు.

బీరువాపైనున్న బూట్లు మరల దిగినవి. ప్రతిదినము సాయంకాలము అత్తగారు అవి తొడిగి స్టేషను వంతెన మెట్లెక్కి రెండవ ప్లాట్‌ఫారమువైపు దిగి, ఒక గుటక నీరు త్రాగి మరల ఎక్కి వచ్చెదరు. మొదట ఒకమారే, ఇప్పుడు మూడుమారులు. టీ అమ్ము నతడు, "ఏ బండికి అమ్మా?" అని రోజును అడుగును. "సఫారీకి" అని ఆమె బదులు.

ఒకటి చెప్ప మరచితిమి. అడ్డో ఏనుగులకు ముఖ్యమైన మేత స్పెక్‌బూమ్ అను దళసరి ఆకుల పొద. ఏనుగు దానిని పైనుండి తినును గనుక క్రింది కొమ్మలు నేలనంటి వేళ్లూనును. మేకలు క్రిందినుండి తిని దానిని చంపును. ఆ మొక్క బొమ్మ చూచి మేము నిర్ఘాంతపోతిమి. మూడేండ్ల క్రిందట ఖమ్మములో నర్సరీవారు జేడు మొక్కయని అమ్మగా కొని వాకిట కుండీలో పెట్టినది అదియే! ఎర్రని కాడ, చిన్న గుండ్రని ఆకు. జేడు పేరుతోనే అమ్ము పెద్ద ఆకుల మొక్క వేరొకటి కలదు, అది తినరానిది. ఇది మాత్రము మన గంగవాయిలి కూరకు దూరపు చుట్టమనియు, ఆ దేశపు మనుష్యులును తిందురనియు చిన్నవాడు చెప్పెను. మేము ఇంకను బొమ్మతో పోల్చి చూచుచుండగనే అత్తగారు ఒక ఆకు గిల్లి నోట వేసికొనిరి. అయ్యో అత్తమ్మా యని మేము చేయి పట్టుకొనబోతిమి.

"ఏనుగు తినేది నాకేమైతది? పుల్లగ మంచిగనే ఉన్నది" అని ఆమె ఇంకొక ఆకు గిల్లి మా చేతిలో పెట్టిరి.